రఫీఖ్ దిగిన మెట్లు

దెయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఎవరికైనా గాలి సోకిందంటే ఇప్పటికీ నాకు విసుగే. మా నాన్న వేరుశనగ పంట కాపలాకు శ్మశానం పక్క చేలో పడుకునేవాడు. పదేళ్ల పిల్లగా ఆయనకు సద్ది తీసుకుని సమాధుల మధ్య నుంచే నడిచిపోయేదాన్ని. ఏ రోజూ భయపడింది లేదు. అందుకే ఈ సంగతి జరిగి ముప్పై ఏళ్లు దాటినా నలుగురైదుగురికి మించి చెప్పలేదు. చూసింది చూసినట్టు రాస్తాను. నమ్మమని ఎవరినీ అడగను.

నా పేరు రమణమ్మ. మాది రాయచోటి దగ్గర పల్లె. పదో తరగతి వరకు చదివాను. ఎనభై ఏడులో కువైట్ వెళ్లి, సల్వాలో ఒక ఇంట్లో పనికి కుదిరాను. యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేదాన్ని. వాళ్లకు ముగ్గురు పిల్లలు. ఆఖరిది దానా. నా చేతుల్లోనే పెరిగింది, నా పక్కనే నిద్రపోయేది.

ఆ ఇంటి డ్రైవర్ ఓబులేసు. మా పక్క ఊరివాడే. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేదాన్ని. గేటు పక్కనున్న చిన్న గది ఆయనది. శుక్రవారాల్లో నేను సంగటి కెలికితే, "ఇంటికాడ ఉన్నట్టే ఉండాది పాపా" అంటూ తినేవాడు.

ఎదురింట్లో తోటపనికి ఒక మనిషి ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎడమ చెవి తమ్మె సగం ఉండదు. ఎప్పుడు తెగిందో ఎవరికీ తెలియదు. వీధిలో అందరూ ఆయన్ను రఫీఖ్ అనేవాళ్లు. అది పేరు కాదు. నేస్తం అని అర్థం. పేరు తెలియని మన వైపు దేశాల పనివాళ్లను కువైట్‌లో అందరూ అలాగే పిలుస్తారు. నాకు పుదీనా కావాలంటే గోడ దగ్గర నిలబడి "రఫీఖ్" అనేదాన్ని. ఆయన ఒక కట్ట కోసి గోడ మీద పెట్టేవాడు. ఆయన అక్కడున్న రెండేళ్లూ మా మధ్య జరిగిన మాటలు ఇంతే. ఆయనది ఏ దేశమో కూడా నేను అడగలేదు.

తొంభై జూలైలో, ఎండాకాలం గడపడానికి బాబా కుటుంబాన్ని స్పెయిన్‌కు తీసుకెళ్లాడు. దానా నన్ను వదిలి ఉండదని నన్నూ తీసుకెళ్లారు. ఇల్లు చూసుకోవడానికి ఓబులేసన్న సల్వాలోనే ఉండిపోయాడు.

మాడ్రిడ్‌లో ఒక పాత మేడ మూడో అంతస్తులో దిగాం. అక్కడి నుంచి నాలుగు అడుగులు వేస్తే ప్లాజా మయోర్. అంత పెద్ద రాతి ముంగిలి నేను ఎక్కడా చూడలేదు. నాలుగు వైపులా ఒకే ఎత్తులో ఎర్రటి మేడలు. వాటికి వరుసగా వందల కిటికీలు. కింద చుట్టూ స్తంభాల వరండా. నడుమ గుర్రం మీద కూర్చున్న రాజు విగ్రహం. లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ మేడల కిందనుంచి కమాను దారులు ఉన్నాయి. ఒక మూలన ఉన్న కమాను కింద మాత్రం దారి మెట్లు మెట్లుగా కిందికి దిగిపోతుంది. పైన నిలబడి చూస్తే ఆ మెట్ల అడుగున నీడ తప్ప ఏమీ కనిపించదు.

దానా వాళ్ల అక్క ఒక పుస్తకం చూసి నాకు చెప్పింది. వెనకటి కాలంలో ఆ ముంగిట్లోనే మరణశిక్షలు అమలు చేసేవారట. పై కిటికీల నుంచి జనం చూసేవారట. విన్నాను, మర్చిపోయాను. మొదటి రెండు వారాలూ దానా అక్కడ పావురాల వెంట పరిగెత్తింది, నేను దాని వెంట పరిగెత్తాను.

ఆగస్టు మొదట్లో ఒక పొద్దున మామా కేకతో లేచాను. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆ మేడలో ఎవరూ సరిగా తినలేదు. బాబా రేడియో పక్కనే కూర్చునేవాడు. కువైట్‌కు ఫోన్లు కలిసేవి కావు. మామా తమ్ముడు అక్కడే చిక్కుకుపోయాడు. నా ఆలోచన మాత్రం ఓబులేసన్న మీదే ఉండేది. ఆ ఇంట్లో ఒక్కడే ఏం తింటున్నాడో, ఎక్కడ దాక్కున్నాడో. బాబాను అడగాలంటే భయం వేసేది. సొంతవాళ్ల జాడ తెలియక ఆయన ఏడుస్తుంటే డ్రైవర్ సంగతి ఎలా అడగను?

మధ్యాహ్నం పూట పిల్ల గోల పడలేక మామా, "యల్లా, దీన్ని బయటికి తీసుకుపో" అనేది. అలా రోజూ ప్లాజాకు వెళ్లేవాళ్లం.

అది జరిగిన రోజు ఆగస్టు మూడో వారంలో ఒకటి. తేదీ గుర్తు లేదు. మధ్యాహ్నం మూడున్నర అయి ఉంటుంది. ఆ ఊళ్లో ఆ వేళకు అంగళ్లు మూసేసి అందరూ నిద్రపోతారు. కిటికీల తలుపులన్నీ వేసి ఉన్నాయి. ముంగిట్లో పావురాలు తప్ప ఏమీ లేవు. నేను వరండాలో స్తంభం కింద కూర్చున్నాను. దానా నా పక్కన కూర్చుని నారింజ సోడా తాగుతోంది. నాకు జ్వరం లేదు. కడుపు నిండా తినే ఉన్నాను. కునుకు తీయడం లేదు.

ఎదురుగా ఎండలో ఇద్దరు మనుషులు నడిచి వస్తున్నారు. ముందు నేను పట్టించుకోలేదు. వెనక మనిషి లుంగీ కట్టుకుని ఉన్నాడు. ఆ ఊళ్లో లుంగీ ఏమిటని చూశాను.

ఓబులేసన్న.

గళ్ల లుంగీ, తెల్ల బనియను. కాళ్లకు చెప్పులు లేవు. ఆ వేళకు ఆ రాళ్లు పెనంలా కాలుతుంటాయి. బనియను ఒంటికి అంటుకుపోయింది. రెండు భుజాల మీదా ఎర్రటి మరకలు ఉన్నాయి. నెత్తురనుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నా దేన్నీ చూస్తున్నట్టు లేవు. ముందు నడుస్తున్న మనిషి ఆయన ఎడమ చేతి మణికట్టు పట్టుకుని లాక్కుపోతున్నాడు.

వాళ్లు పావురాల నడుమ నుంచి వచ్చారు. దానా కాలు కదిపితే చాలు, ఆ పావురాలు గుంపుగా లేచిపోయేవి. వీళ్లు నడుస్తుంటే ఒక్కటీ లేవలేదు. తలెత్తి చూడనూ లేదు. నాకు చెమటలు పట్టింది అది చూశాకే.

దానా సోడా పక్కన పెట్టి అంది, "రఫీఖ్ కూడా వచ్చాడా?"

అప్పుడు ముందున్న మనిషిని చూశాను. సన్నగా, పొడుగ్గా, ఎడమ చెవి తమ్మె సగం లేకుండా. ఎదురింటి తోటమనిషి.

ఇద్దరూ ఆ మూల కమాను వైపు పోతున్నారు, మెట్లు కిందికి దిగే చోటుకు. వాళ్లను అక్కడికి పోనివ్వకూడదని నాకు ఎందుకు అనిపించిందో చెప్పలేను. అనిపించింది, అంతే. లేచి నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఓబులేసన్నా! పోవద్దు అన్నా! ఓబులేసన్నా!"

మూడోసారికి ఆయన ఆగాడు. తల నా వైపు తిప్పాడు. నిద్రలో ఉన్నవాణ్ణి తట్టి లేపితే చూస్తాడే, అలా చూశాడు. ఆ మనిషి ఆయన చెయ్యి వదిలేశాడు. వదిలి, తనూ నా వైపు తిరిగాడు.

ఆ చూపు గురించి రాయడమే కష్టం. కోపం లేదు. ఏడుపు లేదు. మొదటి మెట్టు మీద నిలబడి, నేను ఇంకేదో అంటానని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. చాలాసేపు. నోరు తెరిచాను. ఏమని పిలవాలో తెలియలేదు.

దానానే పిలిచింది, "రఫీఖ్! రఫీఖ్!" అని. పక్కవాళ్లను పిలిస్తే మనం ఎలా ఉంటామో అలా ఉండిపోయాడు. తర్వాత అటు తిరిగి మెట్లు దిగాడు. ముందు మోకాళ్లు, తర్వాత నడుము, భుజాలు, ఆఖరికి తల నీడలోకి దిగిపోయాయి.

ఓబులేసన్న నిలబడిన చోటికి చూస్తే అక్కడ ఎవరూ లేరు.

దానాను చంకనేసుకుని మెట్ల దాకా పరిగెత్తాను. దిగువన ఒక హోటల్ మనిషి కుర్చీలు తుడుస్తున్నాడు. ఇద్దరు మనుషులు దిగారా అని సైగలతో అడిగాను. లేదన్నట్టు తల ఊపి, నా ముఖం చూసి ఒక గ్లాసు నీళ్లు ఇచ్చాడు. అవి తాగలేకపోయాను.

ఆ సాయంత్రం మామాకు చెప్పాను. ఆమె వింటూ వింటూ తెల్లబోయి, నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఖలాస్! ఇంకో మాట అనకు. నా తమ్ముడు అక్కడున్నాడు. ఈ ఇంట్లో ఇలాంటి మాటలు వద్దు."

ఆ తర్వాత ఆ ఊళ్లో ఉన్నన్ని రోజులూ నేను ప్లాజాలో అడుగు పెట్టలేదు. పిల్లను ఇంకో దారిన పార్కుకు తీసుకెళ్లేదాన్ని. ఓబులేసన్న చచ్చిపోయాడనే అనుకున్నాను. ఆయన భార్య కొండమ్మకు ఉత్తరం రాయబోయి రెండుసార్లు చింపేశాను.

మాడ్రిడ్ నుంచి మేము సౌదీలో బాబా చుట్టాల ఇంటికి వెళ్లాం. నవంబరులో మా ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. ఓబులేసు క్షేమంగా ఊరు చేరాడని అందులో రాసి ఉంది. బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ ఎడారి దాకా పోయి, అక్కడ గుడారాల్లో ఉండి, విమానంలో బొంబాయి చేరాడట. ఆ ఉత్తరం పట్టుకుని పకపకా నవ్వాను. అదంతా నా భ్రమే. ఎండ, దిగులు కలిసి నన్ను ఆడించాయి. పిల్ల సంగతంటావా, దానికి పొడుగు మనిషి ఎవరైనా రఫీఖే. అలా సర్దిచెప్పుకుని ఏడాదికి పైగా హాయిగా నిద్రపోయాను.

యుద్ధం అయిపోయాక, తొంభై ఒకటి ఎండాకాలంలో సల్వాకు తిరిగి వచ్చాం. నూనె బావులు ఇంకా కాలుతున్నాయి. గాలి అటు తిరిగితే పట్టపగలు ఇంట్లో దీపం వేసుకునేవాళ్లం. ఆరేసిన బట్టల మీద నల్లటి జిడ్డు పడేది. ఇల్లంతా దోచేశారు. తలుపులు, వంటింటి గ్యాస్ పొయ్యి, గోడల్లోని స్విచ్చులు కూడా పీక్కుపోయారు. ఎదురింటి గేటు విరిగి వేలాడుతోంది. తోట ఎండిపోయింది. ఆ ఇంటివాళ్లు ఇక తిరిగి రాలేదు. ఎవరో ఇల్లు కొనుక్కున్నారు.

ఆ మరుసటి ఏడు బాబా కబురు పెడితే ఓబులేసన్న మళ్లీ పనికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. వచ్చిన వారానికి నేను ఒకటి గమనించాను. ఆయన మేడ మీదికి ఎక్కడు. నీళ్ల గొట్టం బాగుచేయాలని బాబా అడిగితే, "వేరే మనిషిని పిలిపిస్తా బాబా" అన్నాడు. బాబా గట్టిగా కసిరినా కదల్లేదు.

ఆ మధ్యాహ్నం వంటింట్లో అన్నం పెడుతూ అడిగాను. "ఏమన్నా, మేడ మీద ఏముందని ఎక్కవు?"

ఆయన తినడం ఆపేశాడు. పళ్లెం పక్కకు జరిపి చెప్పడం మొదలుపెట్టాడు.

"నువ్వు నమ్మవులే రమణమ్మా. మిలటరీవోళ్లు వచ్చినాక ఈ వీధిలో నేనూ ఆ ఎదురింటాయప్పా ఇద్దరమే మిగిలినాం. ఒంటిగా ఉంటే భయమని ఆయప్పను ఈడికే పిల్చుకున్న్యా. పదమూడు దినాలు ఒకే గిన్నెలో తిన్న్యాం. ఒకనాడు వీధి కొసన ఎవురో మిలటరీవోళ్ల మీద తుపాకీ కాల్చినారు. ఇల్లిల్లూ ఎతకబట్టినారు. ముందుదినం పక్కవీధిలో ఇద్దరు పనోళ్లను మీ కఫీల్, మీ యజమాని యాడని కొట్టి ఈడ్సుకపోయింటిరి. మేము మేడెక్కి పాత ఇనప ట్యాంకులో దూరి మూత ఏసుకున్న్యాం."

ఆ ట్యాంకు నాకు తెలుసు. కొత్తది పెట్టాక ఊరికే వదిలేసింది. లోపలంతా తుప్పు. ఆగస్టు ఎండలో ఆ ఇనుము మీద చెయ్యి పెట్టలేం.

"ఎండ సంగతి ఆలోచించలే. కాసేపటికి ఊపిరాడలే. కింద బూట్ల సప్పుడు. మూత తీస్తే కాలుస్తారు. ఆయప్ప నా మణికట్టు గట్టిగా పట్టుకున్న్యాడు. అంతే, తర్వాత సీకటి. మళ్లా కండ్లు తెరిస్తే యాడో పెద్ద రాతి బయల్లో నడుస్తాండా. నాలుగు పక్కలా ఎర్రటి మిద్దెలు. కిటికీలన్నీ మూసేసిండారు. నడుమ గుర్రం మీద ఎవురో రాజు. కాళ్లు కాలిపోతాండాయి. ఆయప్ప నా చెయ్యి పట్టుకుని, 'ఆడ మెట్లుండాయి, దిగితే సల్లగుంటాది, దా' అంటాండాడు. నాకూ దిగిపోవాలనే ఉండాది."

ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఒక్క మాట కూడా అందించలేదు.

"అంతలో నువ్వు పిలిస్తివి. పోవద్దు అన్నా అంటివి. తిరిగి చూస్తే ఒక కంబం కాడ నిలబడిండావు. దానా పాప పక్కన నారింజ రంగు నీళ్ల సీసా ఉండాది. ఆయప్ప నా చెయ్యి ఇడిసిపెట్టినాడు. అంతే, ట్యాంకులో మెలకువొచ్చినాది. ఎట్ల తోసినానో మూత తోసి బయట పడితి. మిలటరీవోళ్లు పొయ్యింటిరి. ఆయప్పను పట్టి లేపితే లెయ్యలే, పానం పొయ్యిండాది."

బనియను మీది ఎర్ర మరకలు గుర్తొచ్చాయి. అది నెత్తురు కాదు, తుప్పు. అప్పుడు చెప్పాను, నేను చూసిందంతా. అన్నం పళ్లెం అలాగే ఉంది.

ఓబులేసన్న చదువుకున్నవాడు కాదు. ఆ ఊరి పేరు కూడా ఆయనకు తెలియదు. మేం అక్కడ తీసిన ఫొటోలు సౌదీలోనే ఉండిపోయాయి, కువైట్ రానేలేదు. మామా ఆ సంగతి ఎవరికీ చెప్పి ఉండదు, చెప్పే మనిషి కాదు. కువైట్‌లో అప్పుడు నాలుగు దాటిందని ఆయన అన్నాడు. మాడ్రిడ్ కంటే కువైట్ గంట ముందు.

చివరికి ఆయనే అడిగాడు. గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు.

"నన్ను పిలిస్తివి. ఆయప్పను యాల పిలవలే?"

"పేరు తెలీదు అన్నా" అన్నాను.

తల వంచుకున్నాడు. "నాకూ తెల్దు పాపా. పదమూడు దినాలూ రఫీఖ్ అనే పిల్చినా. ఆయప్పా నన్నట్లే పిల్చినాడు. మట్టి చేసేకాడ రాసుకునే మనిషి పేరు చెప్పమంటే పక్కవీధి నుంచి మోయను వచ్చిన ఇద్దరూ నేనూ మొగాలు సూసుకున్న్యాం."

ఆ తోటమనిషి కాగితాలన్నీ ఎదురింటి యజమాని దగ్గరే ఉండేవి. ఆ యజమాని ఎక్కడ స్థిరపడ్డాడో బాబా కూడా కనుక్కోలేకపోయాడు. ఆ మనిషికి ఎక్కడో ఒక ఇల్లు ఉండే ఉంటుంది. అక్కడ ఎవరో ఆయన్ను పేరు పెట్టి పిలిచి ఉంటారు.

ఓబులేసన్న మరో ఆరేళ్లు పని చేసి ఊరికి వెళ్లిపోయాడు. నిరుడు వయసు మీద పడి పోయాడు. నేను రెండు వేల పద్నాలుగులో తిరిగి వచ్చేశాను. దానాకు ఇప్పుడు నలభై. ఇద్దరు పిల్లల తల్లి. నెలకోసారి వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తుంది. ఇంతకాలం నేను ఆ సంగతి దాని దగ్గర ఎత్తలేదు. ఓబులేసన్న పోయాడని చెప్పిన రోజు నోరు ఆగక అడిగాను, ఆ ప్లాజా గుర్తుందా అని.

ఓబులేసు అక్కడికి రావడం దానికి గుర్తు లేదట. పావురాలు కొంచెం గుర్తట.

"మెట్ల మీద మనిషి మాత్రం బాగా గుర్తున్నాడు" అంది. "నేను రఫీఖ్ అని పిలిస్తే, అది నా పేరు కాదని తన పేరు చెప్పాడు కదా. రెండుసార్లు చెప్పాడు. నువ్వు వినలేదా?"

ఆయన పెదవులు కదలడం నేను చూడలేదు. నాకు ఏ మాటా వినపడలేదు.

"ఏం చెప్పాడు తల్లీ? ఏం పేరు?" అని అడిగాను.

దానా కళ్లు మూసుకుని ఆలోచించింది. ఫోనులో దాని ముఖం పిల్లప్పటి ముఖంలాగే కనిపించింది. కాసేపటికి తల అడ్డంగా ఊపింది.

"చిన్నదాన్ని కదా. మర్చిపోయాను."

ఇది ఏమిటో నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. దానా ఇప్పటికీ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంది. పోయిన నెల ఫోను చేసినప్పుడు నేను ఇంకేమీ అడగలేదు. దానానే అంది, ఆ పేరు నాలుక చివర్లో ఉంది కానీ, పలికితే ఆయన తిరిగి చూస్తాడేమోనని భయంగా ఉంది అని.